తక్కువ ఖర్చుతో కార్మికులకు కొలతల శిక్షణ: ఆటోనగర్‌లోని చిన్న మెషిన్ షాపుకు ఏది పనికొస్తుంది?

ప్రశ్న: ఆటోనగర్ మెషిన్ షాపు

అందరికీ నమస్కారం. విశాఖపట్నం ఆటోనగర్‌లో మా కుటుంబానికి ఒక మెషిన్ షాపు ఉంది. పెద్ద కర్మాగారాల నుంచి, వాటికి పని చేసే కాంట్రాక్టర్ల నుంచి షాఫ్టులు, బుష్షులు, ఫ్లేంజీల వంటి జాబులు తీసుకుని చేసి ఇస్తుంటాం. మొత్తం 36 మంది పని చేస్తున్నారు. వారిలో లేతుల (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రాల) మీద పని చేసే టర్నర్లు 12 మంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు ఎక్కువ, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు కొందరు ఉన్నారు.

గత ఏడాది బయటి నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిచి, ఒక హోటల్ హాలులో రెండు రోజుల తరగతి పెట్టించాను. నాణ్యత గురించి, కొలతల గురించి తెర మీద బొమ్మలతో చక్కగానే చెప్పారు. చివర ఇచ్చిన అభిప్రాయ పత్రాల్లో దాదాపు అందరూ 'చాలా బాగుంది' అని రాశారు, అందరికీ ధ్రువపత్రాలు కూడా ఇచ్చాం. భోజనాలతో కలిపి 60,000 రూపాయలు దాటింది, షాపు రెండు రోజులు మూతపడింది. తరువాత తిరిగివచ్చే జాబుల సంఖ్యలో మాత్రం నాకు తేడా ఏమీ కనిపించలేదు. ఈమధ్యే 40 షాఫ్టుల ఆర్డరులో 11 అండర్‌సైజు, అంటే ఉండాల్సిన దానికంటే సన్నం, అని వెనక్కి వచ్చాయి. 45 మి.మీ. వ్యాసం, హెచ్7 టాలరెన్సు (సైజులో అనుమతించే తేడా). మా టర్నర్లు మాత్రం వెర్నియర్‌తో (జారే దవడలున్న కొలబద్దతో) చూసినప్పుడు సైజు సరిగ్గానే ఉందని గట్టిగా చెబుతున్నారు. వారు అబద్ధం చెప్పే మనుషులు కారు.

ఈ ఏడాది శిక్షణకు 50,000 రూపాయలకు మించి పెట్టలేను. అది కూడా దండగేనని మా నాన్నగారి అభిప్రాయం. ఈ డబ్బుతో మళ్లీ తరగతే పెట్టించాలా, ఆన్‌లైన్ వీడియో పాఠాలు కొనాలా, అందరికీ ఇవ్వాలా లేక లేతుల వారికి మాత్రమే చాలా? శిక్షణ పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: రిటైరయిన టూల్‌రూమ్ ఫోర్‌మన్

మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. హెచ్7 టాలరెన్సును వెర్నియర్‌తో చూశామన్నారు కదా, శిక్షణ సంగతి తరువాత చూద్దాం, ముందు దాని లెక్క చూడండి.

45 మి.మీ. షాఫ్టుకు హెచ్7 అంటే పై హద్దు 45.000, కింది హద్దు 44.975. మధ్యలో ఉన్నది 25 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతులు) మాత్రమే. మామూలు వెర్నియర్ కనీస కొలత 0.02 మి.మీ., అంటే 20 మైక్రాన్లు. టాలరెన్సు మొత్తం ఆ పరికరానికి ఒక గీత కంటే కాస్త ఎక్కువ! ఎంత నైపుణ్యం ఉన్న టర్నర్ అయినా, ఎంత శ్రద్ధగా చూసినా, ఆ పనిముట్టుతో ఈ జాబును తేల్చలేడు. కొలిచే పరికరం టాలరెన్సులో పదో వంతు వరకూ చూపగలగాలని మా రోజుల్లో పాటించేవాళ్లం. ఆ లెక్కన 0.01 మి.మీ. చూపే మైక్రోమీటరు (మర తిప్పి కొలిచే, ఇంకా సూక్ష్మమైన పరికరం) కూడా చాలదు, 0.001 చూపే డిజిటల్‌ది ఒకటి ఉంటే నిశ్చింత. కనుక మీ 50,000లో మొదటి వాటా శిక్షకుడికి కాదు, 25–50 మి.మీ. కొలిచే మైక్రోమీటరుకు పోవాలి. దాని పెట్టెలోనే 25 మి.మీ. సెట్టింగ్ కడ్డీ వస్తుంది, దాన్ని భద్రంగా ఉంచండి. చాలా షాపుల్లో అది కొన్న నెలలోనే మాయమై, ఆ తరువాత సున్నా సరిచూసుకునే దారే ఉండదు.

రెండో సంగతి వేడి. ఉక్కు ప్రతి మీటరుకు, ప్రతి డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. లేతు మీద ఆఖరి కట్ తీసిన వెంటనే షాఫ్టు చేతిలోని మైక్రోమీటరు కంటే 30 డిగ్రీలు వేడిగా ఉందనుకుందాం. 45 మి.మీ. వ్యాసం మీద అది దాదాపు 15 మైక్రాన్లు. మీ టర్నర్ టాలరెన్సు సరిగ్గా మధ్యలో, 44.988 దగ్గర, ఆపాడనుకోండి. అతనికి అది నిఖార్సయిన మంచి పని. ఆ షాఫ్టు చల్లారితే 44.973కి దిగుతుంది, కింది హద్దు దాటి రెండు మైక్రాన్లు పోయింది. అవతల తనిఖీ గదిలో చల్లారిన షాఫ్టునే కొలుస్తారు, అండర్‌సైజు అంటారు. ఇక్కడ మీ వాడిదీ నిజమే, అక్కడి వారిదీ నిజమే. ఇద్దరూ ఒకే షాఫ్టును రెండు వేర్వేరు వేడిల వద్ద చూశారు, అంతే.

ఒక ప్రయోగం చేయండి, ఖర్చేమీ లేదు. ఒక షాఫ్టు ఆఖరి కట్ పొడిగా తీయించి, వెంటనే కొలిచి, ఆ అంకెను సుద్దముక్కతో దాని మీదే రాయండి. భోజనం తరువాత మళ్లీ కొలవండి. టర్నర్లందరి ఎదుటా చేయండి, చాటుగా కాదు. హోటల్ హాలులో రెండు రోజులు చెప్పినదాని కంటే ఆ రెండు అంకెలే ఎక్కువ నేర్పుతాయి.

ఇంకొకటి. మీ వెర్నియర్లన్నిటినీ ఒక బల్ల మీద పెట్టి, దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే దవడలు అరిగినట్టే. మూసినప్పుడు సున్నా సున్నాకు కలవకపోతే అది చెప్పే ప్రతి అంకె తప్పే. మనుషులకు శిక్షణ ఇచ్చే ముందు పనిముట్లకు పరీక్ష పెట్టడం చౌక.

బుష్షుల బోర్లలో (లోపలి రంధ్రాల్లో) ఒకే సైజు పదే పదే వస్తుంటే గో, నో-గో ప్లగ్ గేజి చేయించుకోండి. ఒక చివర దూరాలి, రెండోది దూరకూడదు. చదువు రానివాడు, భాష రానివాడు కూడా దానితో పొరపాటు పడడు. నేర్పించాల్సిన అవసరమే లేకుండా చేసే పరికరం దొరికినప్పుడు నేర్పించడానికి డబ్బు పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: ఆటోనగర్ మెషిన్ షాపు

అయ్యా, మీరు చెప్పినట్టే చేశాను. పక్క షాపు నుంచి మైక్రోమీటరు అరువు తెచ్చి, 12 మందినీ లేతు చుట్టూ నిలబెట్టి షాఫ్టు కొలిపించాను. వేడిగా ఉన్నప్పుడు 44.99 చూపింది. భోజనం తరువాత 44.97, 44.98 గీతల మధ్యన నిలిచింది. ఎవరూ వెంటనే ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్లుగా మాతో ఉన్న మా మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, 'రాత్రి షిఫ్టులో ఆగేది లేదు గదా బాబూ, తీసింది తీసినట్టే చూసి పక్కన పెట్టేస్తాం' అన్నారు. వెనక్కి వచ్చిన 11లో 9 రాత్రి షిఫ్టువని రిజిస్టరు తిరగేస్తే తేలింది.

వెర్నియర్లు ఏడు ఉన్నాయి. వాటిలో మూడింటికి సున్నా కలవడం లేదు. ఒకదాని దవడల మధ్య వెలుగు స్పష్టంగా కనిపించింది. అదే అందరూ ఇష్టపడి వాడేదట, ఎందుకంటే సాఫీగా జారుతుంది!

అయితే ఇక శిక్షణ అక్కర్లేదా, లేక మైక్రోమీటరు వాడడం నేర్పాలా? సగం మంది దాన్ని బిగించి పట్టుకుంటున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో అంకె వస్తోంది.

జవాబు 2: పరవాడ శిక్షణ సమన్వయకర్త

నేను పరవాడ వైపు ఒక మందుల తయారీ యూనిట్‌లో శిక్షణ రికార్డులు చూసే ఉద్యోగినిని. ఫోర్‌మన్ గారు చెప్పిన దాని మీద నాకు భేదం లేదు. పరికరాలు సరిచేశాక మిగిలినది, అంటే మైక్రోమీటరును అందరూ ఒకే విధంగా వాడడం, నిజంగా శిక్షణతో తీరే సమస్య. అది ఎంత చిన్నదో గమనించండి: 36 మంది, రెండు రోజులు అన్నది 12 మంది, ఒక్క పని అయింది.

మా రంగంలో శిక్షణకు డబ్బు కొరత పెద్దగా లేదు, కానీ రిజిస్టరులో సంతకాలు నిండుగా ఉండి పని తీరులో మార్పు లేని స్థితిని నేను దగ్గర నుంచి చూశాను. పని విధానం రాసిన పత్రం చేతికిచ్చి 'చదివి అర్థం చేసుకున్నాను' అన్న చోట సంతకం పెట్టించుకుంటారు, అదే శిక్షణ అవుతుంది. మీ అభిప్రాయ పత్రాలు కూడా అలాంటివే. అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని రాశారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకు ఫలితం వచ్చిందా. మీరు మొదటి మెట్టు మాత్రమే కొలిచి నాలుగో దానికోసం ఎదురుచూశారు. మధ్య రెండు మెట్లు కొలవడానికి కాగితం ముక్కలు చాలు, ఎలాగో చెబుతాను.

ఐదు షాఫ్టు ముక్కలు తీసుకుని 1 నుంచి 5 వరకూ అంకెలు వేయండి. వాటి సైజులు సరైన పరికరంతో, చల్లారాక, ఒక నమ్మకమైన మనిషి చేత కొలిపించి ఆ అంకెలు మీ దగ్గర ఉంచుకోండి. ప్రతి టర్నర్ ఒంటరిగా ఐదింటినీ కొలిచి చీటీ మీద రాయాలి, మరునాడు అవే ముక్కలు వరుస మార్చి మళ్లీ కొలవాలి. ఒకే మనిషి రెండు రోజులూ ఒకే అంకె రాయకపోతే అతని పట్టులో తేడా ఉంది. ఒకే అంకె రాసి అది అసలు కొలతకు దూరంగా ఉంటే అతని పరికరంలోనో, సున్నా సరిచూసే అలవాటులోనో తేడా ఉంది. ఇది పరీక్ష కాదు, ఎవరికి ఏమి నేర్పాలో చెప్పే చీటీ అని ముందే చెప్పాలి, లేకపోతే ఒకరి అంకెలు మరొకరు చూసి రాస్తారు. నేర్పాక మళ్లీ ఇదే చేయించండి.

నేర్పే పద్ధతికి వస్తే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940–45 మధ్య, అమెరికా కర్మాగారాల్లోకి పని తెలియని కొత్తవారు లక్షల్లో వచ్చిపడినప్పుడు వాడిన పద్ధతే మీబోటి షాపుకు ఇప్పటికీ సరిపోతుంది. నేర్చుకునేవాడిని కుదుటపరచడం, చేసి చూపడం, అతని చేత చేయించడం, తరువాత వెళ్లి చూస్తూ ఉండడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అసలు కిటుకు రెండో అడుగుకు ముందు ఉంది. నేర్పేవాడు పనిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఎక్కడ జాగ్రత్త, ఎందుకు జాగ్రత్త అని ఒక అట్ట మీద రాసుకోవాలి. మైక్రోమీటరుకు మీ అట్ట ఇలా ఉండవచ్చు. ముఖాలు రెండూ శుభ్రమైన గుడ్డతో తుడవాలి, ఎందుకంటే చిన్న రజను కూడా అంకెను మార్చేస్తుంది. కడ్డీ పెట్టి సున్నా చూడాలి, ఎందుకంటే నిన్న ఎవరి చేతిలోంచి కింద పడిందో మనకు తెలియదు. చివర బిగింపు రాచెట్‌తోనే (పరికరం చివర క్లిక్కుమంటూ తిరిగే పిడితోనే), మూడు క్లిక్కులు వినిపించే వరకే, ఎందుకంటే చేతి బలం మనిషికీ మనిషికీ వేరు. మీ సగం మంది తప్పు ఇక్కడే ఉంది. ఒక చోట కొలిచాక షాఫ్టును పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవాలి, ఎందుకంటే గుండ్రం తప్పి ఉండవచ్చు. ఇంతకు మించి అట్ట మీద ఏమీ వద్దు.

మూడో అడుగులో నేర్చుకునేవాడు చేస్తూ, ఏం చేస్తున్నాడో, ఎందుకో పైకి చెప్పాలి. చేయి సరిగ్గా తిరిగినా 'ఎందుకు' చెప్పలేకపోతే రాత్రి షిఫ్టులో ఆ అడుగు మానేస్తాడు. ఒడియా, హిందీ మాట్లాడేవారు తమ భాషలోనే చెప్పవచ్చు. వారిలో తెలుగు వచ్చిన ఒకరిని ముందు తయారు చేసి, మిగిలినవారికి అతని చేతే చెప్పించండి. అట్ట మీద అక్షరాల కంటే మీ షాపులోనే, మీ మనిషి చేతులతో తీసిన ఫోటోలు అతికించండి. ఆన్‌లైన్ వీడియోలు కొనవద్దు. ఫోనులో మీ మేస్త్రీ చేతులు కనిపించేలా రెండు నిమిషాలు తీసిన దృశ్యాన్ని మనవాళ్లు ఎక్కువసార్లు చూస్తారు.

సమయం గురించి ఒక లెక్క. 36 మంది రెండు రోజులు కూర్చుంటే 72 పనిదినాలు. 12 మందికి వారానికి ఒకసారి 15 నిమిషాల చొప్పున ఎనిమిది వారాలు నేర్పితే మొత్తం 24 పనిగంటలు, అంటే మూడు పనిదినాలు. చౌక అన్నది ఒక్కటే కారణం కాదు. ఒక్కసారి విన్నది ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు ఇంకొక సంగతి తేల్చారు: పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, చదవడం మాని జ్ఞాపకం నుంచి రాసినవారు వారం తరువాత ముందున్నారు. కాబట్టి ప్రతి వారం మొదటి ఐదు నిమిషాలు మీరు చెప్పకండి, పోయిన వారం సంగతి వారి చేత చెప్పించండి, చేయించండి.

జవాబు 3: గాజువాక ఫ్యాబ్రికేషన్

ఇన్ని చెప్పారు, ఒక సంగతి ఎవరూ అనలేదు. నేను వెల్డర్లకు సొంత ఖర్చుతో పని నేర్పించాను. అర్హత పరీక్ష పాసయిన ముగ్గురిలో ఇద్దరు ఏడాది తిరగకముందే ఎక్కువ జీతానికి వెళ్లిపోయారు. చిన్న షాపు వాడు పెద్దవారి కోసం మనుషులను తయారు చేసి పంపే బడి అయిపోతోంది. పైగా మీ మేస్త్రీ తన పని గుట్టు అంత తేలికగా చెబుతాడని నేననుకోను.

జవాబు 2కు కొనసాగింపు: పరవాడ శిక్షణ సమన్వయకర్త

మీ బాధ నిజమే, దాన్ని కొట్టిపారేయను. వెల్డర్ అర్హత పరీక్షకూ దీనికీ ఒక తేడా ఉంది. అది బయట చెల్లే కాగితం, మనిషితో పాటు పోతుంది. ఈ అట్టలు షాపులోనే ఉంటాయి, ఒకరు వెళ్లినా తరువాత వచ్చేవాడికి మొదటి వారంలోనే పనికొస్తాయి. మేస్త్రీ విషయంలో, నేర్పడాన్ని అదనపు చాకిరీగా కాక పనిలో భాగంగా చూసి, నెలకు కొంత సొమ్ము విడిగా ఇవ్వండి, అట్ట మీద 'తయారు చేసినది' అని ఆయన పేరు రాయండి. 50,000లో నేనైతే ఎక్కువ భాగం దీనికే పెడతాను.

ఆటోనగర్ వారిని ఒకటి అడగాలి. రాత్రి షిఫ్టుకు పీసుల లెక్కన అదనపు సొమ్ము ఇస్తున్నారా? ఇస్తుంటే, చల్లారే వరకూ ఆగమని ఎంత నేర్పినా ఎవరూ ఆగరు. ఆగినవాడికి మీరే జరిమానా వేస్తున్నట్టు లెక్క.

జవాబు 4: ఐటీఐ బోధకుడు

కొలతల పాఠం టర్నర్ ట్రేడ్‌లో మొదటి ఏడాదే ఉంటుంది, కనుక మీ దగ్గర ఐటీఐ చదివినవారు ఎవరైనా ఉంటే వారికి గుర్తు చేస్తే చాలు. కేంద్రంలోని శిక్షణ మహానిర్దేశాలయం నడిపే భారత్ స్కిల్స్ వేదికలో ట్రేడుల వారీగా పాఠాలు, ప్రశ్నల నిధులు ఉచితంగా దొరుకుతాయి. వారం వారం అడగాల్సిన ప్రశ్నలు అక్కడి నుంచి తీసుకోవచ్చు.

మీకు 36 మంది ఉన్నారంటున్నారు. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలని అప్రెంటిస్ నిబంధనలు చెబుతున్నాయి. దీన్ని భారంగా చూడనక్కర్లేదు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద నిర్ణీత స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు ఒక్కొక్కరికి 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో అడిగితే టర్నర్, మెషినిస్టు పిల్లల వివరాలు చెబుతారు. ఒక అప్రెంటిస్ ఉంటే మీ మేస్త్రీకి ఎదుట నిలబడి 'ఎందుకు?' అని అడిగే మనిషి దొరుకుతాడు, పాతవారు ఆ మాట అడగరు. యంత్రాల మీద ఇంకా పై స్థాయి శిక్షణ కావాలనుకున్నప్పుడు అచ్యుతాపురం దగ్గర పూడిలోని ఎంఎస్ఎంఈ టెక్నాలజీ సెంటర్‌ను కూడా సంప్రదించండి, కానీ అది ఈ ఏడాది మీ అవసరం కాదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి స్పందన: ఆటోనగర్ మెషిన్ షాపు

అందరికీ కృతజ్ఞతలు. పీసుల లెక్క సంగతి అడిగిన అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. రాత్రి షిఫ్టుకు ఇస్తున్నాం, దాన్ని పెట్టింది నేనే. దాన్ని ఇకపై తనిఖీలో నెగ్గిన పీసులకే ఇస్తామని చెప్పాను, కొంత గొణుగుడు వినిపించింది. ప్రతి లేతు పక్కన ఒక ఇనుప స్టాండు పెట్టించాం. ఆఖరి కట్ అయిన షాఫ్టు దాని మీద చల్లారుతుంటే తరువాతిది లేతుకు ఎక్కుతుంది, కాబట్టి ఆగడం వల్ల పోయే సమయం పెద్దగా లేదని మేస్త్రీయే చూపించారు.

ఐదు ముక్కల చీటీలు మొదటి విడత పూర్తయ్యాయి. అందరి కంటే తేడా ఎక్కువ వచ్చింది మా మేస్త్రీకే. ఆయనకు దగ్గరి చూపు తగ్గింది, స్లీవు మీది గీతలు కనిపించడం లేదు, ఇన్నాళ్లూ చేతి అంచనాతో నెట్టుకొచ్చారట. చీటీని ఎవరికీ చూపకుండా నా చేతిలో పెట్టారు. కళ్లజోడు చేయిస్తున్నాం, డిజిటల్ మైక్రోమీటరు ఆయన లేతు దగ్గరే ఉంటుంది. అట్ట తయారీ ఆయనకే అప్పగించాలని ఇంకా అనుకుంటున్నాను, అయితే ఈ స్థితిలో వెంటనే అందరి ముందు నిలబెట్టడం మంచిదా, కళ్లజోడు వచ్చి ఒక విడత చీటీలు మళ్లీ రాసే వరకూ ఆగడం మంచిదా అన్నది ఫోర్‌మన్ గారు చెప్పగలరా?

జవాబు 1కు కొనసాగింపు: రిటైరయిన టూల్‌రూమ్ ఫోర్‌మన్

ఆగండి. రెండు వారాలే కదా. ఈలోగా ఫోటోలు తీయించండి, చేతులు ఆయనవే ఉండనివ్వండి.